వానలు పడకముందే నాన్నగారికి ఫ్లూ టీకా వేయించండి

ప్రశ్న: డాక్టరుగారూ, మాది కాకినాడ. మా నాన్నగారికి 66 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగరుంది. పోయిన దసరా ముందు గుండెపోటు వస్తే ఒక స్టెంటు వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, రోజూ పొద్దున్నే నడుస్తున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వారం రోజులుగా ఒకటే పోరు: "నాన్నకి ఫ్లూ టీకా వేయించక్కా, ఇక్కడ గుండె పేషెంట్లందరికీ వేస్తారు, అది కూడా పెద్దవాళ్లకిచ్చే హైడోసే వేయించు" అని. నాన్నగారేమో "జలుబుకి సూదేమిటే? గుండెకీ జలుబుకీ ఏం సంబంధం? కరోనా సూదులు వేయించుకున్నాక ఎంతమంది ఉన్నట్టుండి పోయారో చూళ్లేదా?" అంటున్నారు. మా వీధిలో డాక్టరుగారిని అడిగితే "వేయించినా పర్లేదు, మానేసినా పర్లేదు" అన్నారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి కండకి సూది వేస్తే రక్తం ఆగదని పక్కింటివాళ్లు భయపెట్టారు. ఏం చెయ్యమంటారు? వేయిస్తే ఏది, ఎప్పుడు?

జవాబు: వేయించండి అమ్మా. ఈ రోహిణి కార్తె ఎండలు తగ్గేలోపే, మృగశిర చినుకులు పడకముందే వేయించండి. మీ తమ్ముడు చెప్పింది అసలు విషయంలో నూటికి నూరుపాళ్లూ సరైనదే. ఏ టీకా, ఏ నెలలో అన్న దగ్గర మాత్రం డల్లాస్‌కీ కాకినాడకీ తేడా ఉంది. అది తర్వాత చెబుతాను.

"మానేసినా పర్లేదు" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ డాక్టరుగారిని తప్పుపట్టాలని కాదు. మన దగ్గర టీకా అంటే చంటిపిల్లలకే అన్న అలవాటు బాగా పాతుకుపోయింది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో పెద్దవాళ్ల ఫ్లూ టీకా లేదు. స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడిచ్చే కాగితంలో ఏడెనిమిది మందుల పేర్లుంటాయి, ఉప్పు తగ్గించమని ఉంటుంది, నడవమని ఉంటుంది. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో టీకా మాట ఎప్పుడో గాని కనబడదు. అమెరికాలో గుండె వైద్యుల సంఘాలు 2006లోనే గుండె రక్తనాళాల జబ్బున్న వాళ్లకి ఏటా ఫ్లూ టీకా వేయాలని రాశాయి. యూరప్ వాళ్ల మార్గదర్శకాల్లోనూ ఉంది. అంత పాత సలహా మన పేషెంట్ల చేతికి ఇంకా అందకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే మీ ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు మాస్టారి ప్రశ్న. గుండెకీ జలుబుకీ ఏం సంబంధం?

జలుబు వేరు, ఫ్లూ వేరు. ముక్కు కారి, నాలుగు తుమ్ములు తుమ్మి, రెండు రోజుల్లో దారినపడేది జలుబు. ఫ్లూ వచ్చినవాళ్లు మాత్రం అది ఏ పూట మొదలైందో కూడా చెప్పగలరు. పొద్దున్న బజారుకెళ్లి కూరలు తెచ్చిన మనిషి సాయంత్రానికి ఒళ్లంతా కర్రలతో కొట్టినట్టు మంచమెక్కుతాడు. 102, 103 జ్వరం, పొడిదగ్గు, కాళ్లు పీకడం, లేచి స్నానాల గది దాకా వెళ్లడానికి కూడా ఓపిక లేకపోవడం. 2009లో స్వైన్ ఫ్లూ అని అందరం హడలిపోయామే, దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో అదీ ఒకటి.

ఈ వైరస్ ఊపిరితిత్తుల్లో కూర్చుంటే దాన్ని తరమడానికి ఒళ్లంతా యుద్ధానికి లేస్తుంది. ఆ వేడి గుండె రక్తనాళాల్నీ వదలదు. నాన్నగారికి స్టెంటు వేసింది ఒక్కచోట. గోదావరి గట్టుకి గండి పడితే ఆ గండి దగ్గర రాళ్లు పోసి పూడుస్తారు. మిగతా గట్టంతా పాతదే కదా. అలాగే మిగతా రక్తనాళాల్లో, పదేళ్ల షుగరున్న మనిషికి, అక్కడక్కడా కొవ్వు పేరుకుని పైన పల్చటి పొర కట్టి ఉంటుంది. ఫ్లూ వరదలాంటిది. ఒంట్లో పుట్టిన వాపుకి ఆ పల్చటి పొర చిట్లుతుంది. అదే సమయంలో రక్తానికి గడ్డకట్టే గుణం పెరిగి ఉంటుంది. చిట్లిన చోట గడ్డ కడితే అదే గుండెపోటు. ఇది ఒక దారి. రెండో దారి ఇంకా సూటిగా ఉంటుంది. ఒంటి వేడి సెల్సియస్ లెక్కలో ఒక్క డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి దాదాపు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. పని పెరిగింది, ప్రాణవాయువు కావాలి. కాని దగ్గుతో, నెమ్ముతో ఊపిరితిత్తులు ఆ ప్రాణవాయువే సరిగ్గా ఇవ్వలేకపోతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ ఇరుకుని దాటేస్తుంది, ఒకసారి దెబ్బతిన్న గుండె తడబడుతుంది. కొద్దిమందిలో వైరస్ వల్ల గుండె కండరానికే వాపొస్తుంది కూడా.

ఇదంతా కథలా ఉందంటారేమో మాస్టారు. లెక్కలు నేర్పినవారు కాబట్టి ఒక లెక్క ఇస్తాను, కాగితం మీద వేసుకోమనండి. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో పరిశోధకులు ఒక పని చేశారు. ఫ్లూ అని పరీక్షలో తేలినవాళ్లలో, ఆ పరీక్షకి ఏడాది ముందూ ఏడాది తర్వాతా గుండెపోటుతో ఆస్పత్రిలో చేరిన సందర్భాలన్నీ ఏరారు. మొత్తం 364. అందులో ఫ్లూ బయటపడిన తొలి ఏడు రోజుల్లోనే వచ్చినవి 20. మిగిలిన దాదాపు రెండేళ్లలో వచ్చినవి 344, అంటే వారానికి సగటున 3.3. మామూలు వారానికి 3.3, ఫ్లూ వారానికి 20. ఆరు రెట్లు! ఇక్కడ ఒకరితో ఇంకొకరిని పోల్చలేదు, అదే మనిషి మామూలు రోజుల్ని ఫ్లూ వచ్చిన వారంతో పోల్చారు. "ఆయన సిగరెట్లు తాగుతాడు, ఈయన తాగడు" లాంటి తేడాలు ఈ పద్ధతిలో లెక్కని పాడుచెయ్యలేవు. 2018లో వచ్చిన ఈ లెక్క చూశాక నేనే మారాను. అంతకుముందు గుండె పేషెంట్లకి అడిగితే రాసేవాణ్ని, ఇప్పుడు అడక్కుండానే రాస్తున్నాను.

సరే, ఫ్లూ గుండెకి చెడ్డదే. టీకా వేస్తే ఆ ముప్పు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికీ జవాబుంది, అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

స్వీడన్ వైద్యులు ముందుండి ఎనిమిది దేశాల్లో ఒక పరీక్ష జరిపారు. మన పక్కనున్న బంగ్లాదేశ్ కూడా అందులో ఉంది. దాదాపు అందరూ గుండెపోటుతో ఆస్పత్రిలో చేరినవాళ్లే, రెండున్నర వేల మంది. చిట్టీ తీసినట్టుగా సగంమందికి ఆస్పత్రిలో ఉండగానే, మూడు రోజుల్లోపు, ఫ్లూ టీకా వేశారు. మిగతా సగానికి ఉప్పునీటి సూది. ఎవరికి ఏది పడిందో పేషెంటుకీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఏడాది తిరిగేసరికి ఉప్పునీరు పడినవాళ్లలో నూటికి 4.9 మంది చనిపోతే, టీకా పడినవాళ్లలో 2.9 మంది. వెయ్యికి 49, వెయ్యికి 29. అంటే యాభైమందికి టీకా వేస్తే ఏడాదిలో ఒక ప్రాణం నిలిచింది. గుండెజబ్బుకి మనం రోజూ రాసే ఖరీదైన మందుల్లో కూడా ఇంత లాభం చూపించేవి ఎక్కువ ఉండవు. ఇది ఏటా ఒక్క సూది.

అయితే మాస్టారు అడగకముందే నేనే చెబుతాను. ఆ పరీక్ష కరోనా రావడంతో అనుకున్నదానికన్నా ముందే ఆపేయాల్సి వచ్చింది, అనుకున్నంతమంది చేరలేదు. మరణాలు తగ్గినట్టు స్పష్టంగా కనబడింది గాని, మళ్లీ గుండెపోటు రావడంలో తేడా చాలా చిన్నది, గట్టిగా చెప్పలేనంత చిన్నది. పైగా వాళ్లు గుండెపోటుతో చేరిన మూడు రోజుల్లోపువాళ్లు, నాన్నగారికి ఎనిమిది నెలలు గడిచాయి. కాబట్టి సరిగ్గా అంతే లాభం ఉంటుందని మాటివ్వను. ఇంకో పెద్ద పరీక్ష గుండె బలహీనపడి ఆయాసపడే అయిదువేలమంది మీద జరిగింది. పది దేశాల్లో మన దేశమూ ఒకటి, ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది పొడుగునా కలిపి చూస్తే, ముందుగా పెట్టుకున్న ప్రధాన లెక్కలో (గుండె, రక్తనాళాల జబ్బుతో మరణం, గుండెపోటు, పక్షవాతం లాంటివి కలిపి) టీకా గెలవలేదు. కాని న్యుమోనియా నూటికి 42 పాళ్లు తగ్గింది, ఆస్పత్రిలో చేరడం 16 పాళ్లు తగ్గింది, ఫ్లూ జోరుగా తిరిగే నెలల్లో ప్రధాన లెక్కలోనూ లాభం కనబడింది. ఫ్లూ తిరగని నెలల్లో ఫ్లూ టీకా ఎవరినీ కాపాడదు కదా, అందుకే నాకు ఈ ఫలితంలో ఆశ్చర్యమేమీ లేదు.

టీకా వేసుకున్నా ఫ్లూ రావచ్చు. వైరస్ ఏటా వేషం మారుస్తుంది. టీకాలోని రకం, ఊళ్లో తిరిగే రకం బాగా కలిసిన ఏడాదుల్లో కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూని అది నూటికి నలభై నుంచి అరవై పాళ్లు ఆపుతుంది, అంతే. పెద్ద వయసులో ఇంకొంచెం తక్కువ. కాని వచ్చినా చాలావరకు మంచం మీదే తగ్గిపోతుంది, ఐసీయూ దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. నాకు నాన్నగారి విషయంలో కావలసింది అదే.

ఇక కరోనా సూదుల భయం. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యకండి, నాన్నగారితో వాదించకండి కూడా. చుట్టుపక్కల నిన్నటిదాకా తిరిగిన మనిషి, అందులోనూ వయసులో ఉన్నవాడు, జిమ్‌లోనో పెళ్లి ఊరేగింపులోనో కుప్పకూలితే ఆ దృశ్యాన్ని ఫోన్లో పదిసార్లు చూసిన ఎవరికైనా భయం వేస్తుంది. ఆ భయానికి జవాబు వెతకాలనే భారత వైద్య పరిశోధన మండలి దేశంలో 47 ఆస్పత్రుల్లో, 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలు తీసి, వాళ్లలాంటి బతికున్నవాళ్లతో పోల్చింది. కరోనా టీకా వల్ల ముప్పు పెరిగినట్టు కనబడలేదు. పెరిగింది వేరేవాటివల్ల: కరోనా తీవ్రంగా వచ్చి ఆస్పత్రిలో చేరినవాళ్లు, ఇంట్లో ఇలా హఠాత్తుగా పోయినవాళ్లున్నవాళ్లు, పోవడానికి ముందు రెండు రోజుల్లో మితిమీరి తాగినవాళ్లు, లేదా ఒంటికి మించిన కసరత్తు చేసినవాళ్లు.

అసలు ఫ్లూ టీకా కరోనాతో వచ్చిన కొత్త సరుకు కాదు. 1940ల నుంచి వాడుకలో ఉంది. ఇప్పుడు వేసే సూదిలో చంపేసిన వైరస్ ముక్కలుంటాయి, బతికున్న వైరస్ ఉండదు. కాబట్టి ఈ సూది వల్ల ఫ్లూ రావడం జరగని పని. సూది వేసుకున్నాక గుండెపోట్లు పెరుగుతాయా అని బ్రిటన్‌లో ఇరవైవేలమంది పైచిలుకు గుండెపోటు పేషెంట్ల రికార్డులు తిరగేసి చూశారు, 2004లోనే. ఫ్లూ, ఛాతీ దగ్గు, నెమ్ము లాంటివి వచ్చిన తొలి మూడు రోజుల్లో గుండెపోటు ముప్పు అయిదు రెట్లుంది. ఫ్లూ టీకా తర్వాతి రోజుల్లో ఏ పెరుగుదలా లేదు. జబ్బుకీ టీకాకీ మధ్య తేడా ఇంతకన్నా నేరుగా చూపించే లెక్క నాకు తెలియదు.

పక్కింటివాళ్ల భయం సంగతి. రక్తం పలచబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడేవాళ్లకి భుజానికి టీకా వేయొచ్చు. సన్నసూది వాడమని అడగండి. తీశాక ఆ చోట దూదితో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రుద్దకూడదు. ఈ "రుద్దకూడదు" గుర్తుపెట్టుకోండి, మనవాళ్లకి సూది పడగానే చెయ్యి రుద్దడం అలవాటు. చిన్న నల్లమచ్చ వస్తే రావచ్చు, వారంలో పోతుంది. అంతకన్నా ముఖ్యం, సూది కోసమని ఆ మాత్రలు ఒక్కపూట కూడా ఆపొద్దు. ఏడాది నిండని స్టెంటుకి ఆ రెండు మాత్రలే కాపలా.

ఏది వేయించాలి? ఫ్లూ ఋతువు ఒక్కో చోట ఒక్కో నెలలో వస్తుంది. మీ తమ్ముడుండే చోట అది చలికాలపు జబ్బు, అందుకే వాళ్లకి సెప్టెంబరు, అక్టోబరుల్లో వేస్తారు. మన దగ్గర వానలతో వస్తుంది. దేశంలో పుణె, నాగపూర్, కోల్‌కతా లాంటి ఊళ్లలో జులై నుంచి సెప్టెంబరు దాకా, చెన్నై, వేలూరుల్లో ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో జోరుగా ఉంటుందని పరిశోధకులు గుర్తించారు. జనవరి నుంచి మార్చి దాకా మళ్లీ ఒక చిన్న దెబ్బ ఉంటుంది. టీకా వేశాక రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది. అందుకే నేను ఇప్పుడే అంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ. మనం ఉన్నది ఉత్తరార్ధగోళంలోనే అయినా, మన వానలకి ముందు వచ్చే కొత్త సరుకు దక్షిణార్ధగోళపు టీకా కాబట్టి మన వానాకాలానికి సరిపోయేది అదే. పెట్టె మీద సంవత్సరం, ఏ గోళానిదో రాసి ఉంటుంది. ఈ ఏడాది దక్షిణార్ధగోళపుదే ఇవ్వమని షాపులో అడగండి. గడువు తేదీ కూడా చూడండి, పోయిన ఏడాది మిగిలిన సరుకు అంటగట్టనివ్వకండి.

మూడు వైరస్ రకాలున్న టీకా కావాలా, నాలుగు రకాలున్నదా అని షాపువాళ్లు అడగొచ్చు. ఏదైనా ఒకటే. ఆ నాలుగో రకం వైరస్ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనబడలేదు. ముక్కులో కొట్టే టీకా మాత్రం వద్దు, అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసింది, నాన్నగారి వయసుకీ జబ్బుకీ తగదు.

ఇక హైడోసు, అంటే మామూలుదానికన్నా మోతాదు ఎక్కువున్న టీకా గురించి. అమెరికాలో 65 దాటినవాళ్లకి ముందు వేయమనే టీకాల్లో అదీ ఒకటి, కాబట్టి మీ తమ్ముడి మాటకి ఆధారం ఉంది. అయితే గుండె ముప్పు ఎక్కువున్న 5,260 మంది మీద అమెరికా, కెనడాల్లోనే హైడోసునీ మామూలు డోసునీ పక్కపక్కన పెట్టి చూస్తే, మరణాల్లోనూ గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో ఆస్పత్రి పాలవడంలోనూ తేడా తేలలేదు. దొరికితే మంచిదే. అది దొరికేదాకా ఆగుదాం అనుకుని వానాకాలం దాటించడం మాత్రం పెద్ద పొరపాటు. మామూలు డోసు నాన్నగారికి చాలు.

ఖర్చు మనమే పెట్టుకోవాలి, తక్కువేమీ కాదు. కొనేముందు ఒక్క సంగతి చూడండి. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. షాపులో కౌంటరు మీదున్నది కాకుండా ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా చూడండి. కొని, ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని, దారిలో రెండు పనులు చూసుకుని, సాయంత్రం వేయించడం చెయ్యొద్దు. టీకా ఉన్న ఆస్పత్రిలోనే వేయించడం అన్నిటికన్నా మేలు. వెళ్లేరోజు జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. ఇదివరకు ఫ్లూ టీకాకి ఒళ్లు తీవ్రంగా వికటించినవాళ్లకి వేయకూడదు. టీకా వేసిన ఆరువారాల్లో కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయే జీబీఎస్ జబ్బు వచ్చినవాళ్లయితే ముందు డాక్టరుతో మాట్లాడాలి. గుడ్డు పడనివాళ్లకి వేయకూడదన్నది పాతమాట. వేశాక ఒకటి రెండు రోజులు భుజం నొప్పి, కాస్త నలత ఉంటాయి.

టీకా గురించి ఇంతే. కాని టీకా వేయించినా వానాకాలంలో నాన్నగారికి జ్వరం వస్తే ఏం చెయ్యాలన్నది మీరు అడగలేదు. నేను చెప్పకుండా ఉండలేను.

కొన్నేళ్ల కిందట శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున ఒకాయన్ని తీసుకొచ్చారు. స్టెంటు వేసి అయిదు నెలలు. చొక్కా అంతా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. నాలుగు రోజులుగా ఒళ్లు నొప్పులు, జ్వరం. ఊళ్లో వైద్యం చేసేవాళ్లు నొప్పులకి రెండు పూటలా పిరుదుకి డైక్లోఫెనాక్ సూది వేశారు, సాయంత్రానికి కాస్త తేలిగ్గా ఉండేదట. కూతురు సంచీలోంచి మందులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. అందులో వారాల పేర్లున్న ప్లాస్టిక్ మందుల పెట్టె ఉంది. ఆదివారం గది ఖాళీ. సోమ, మంగళ, బుధ గదుల్లో మాత్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "గంజి తప్ప ఏమీ తినలేదండి, ఖాళీ కడుపున వేసుకుంటే వేడి చేస్తాయని ఆపాం" అంది. ఈసీజీ చూసేసరికే అర్థమైంది, స్టెంటు మూసుకుపోయింది. తెరిచారు, మనిషి దక్కాడు. కాని గుండె బలం సగానికి సగం పోయింది, ఆ తర్వాత మేడ మెట్లెక్కలేకపోయారు. నేను చూసిన ఆ మూడు గదులు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి.

అందుకే చెబుతున్నాను. జ్వరంలో కూడా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొవ్వు తగ్గించే మాత్ర ఆగకూడదు. అన్నం సయించకపోతే రెండు బిస్కెట్లు, కాస్త మజ్జిగన్నం, ఇడ్లీ, ఏదో ఒకటి పెట్టి వెయ్యండి. దీనికి ఎదురుగా ఇంకో సంగతుంది. నాన్నగారి షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివుంటే, బొత్తిగా తిండి పోనప్పుడు, వాంతులవుతున్నప్పుడు వాటిని తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. మెట్‌ఫార్మిన్‌కీ, ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికిచ్చే మాత్రలకీ అంతే. ఏవి ఆపాలి, ఏవి ఎన్నటికీ ఆపకూడదు అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ గుండె డాక్టరుగారితో ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. జ్వరం వచ్చిన రాత్రి ఎవరికీ ఏదీ గుర్తుండదు.

నొప్పులకీ జ్వరానికీ పారాసెటమాల్ ఒక్కటే. 650 మాత్ర, ఆరు గంటలు తేడాగా, రోజుకి నాలుగుకి మించకుండా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు గాని సూదులు గాని గుండెజబ్బున్నవాళ్లకి వద్దు. గుండెపోటు ముప్పు పెంచుతాయి, ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనికే అడ్డం వస్తుంది. ముక్కు దిబ్బడకని షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అది బీపీ పెంచుతుంది. అవీ మానేసి ఆవిరి పట్టించండి. ఫ్లూ అని అనుమానం రాగానే, తగ్గుతుందిలే అని కూర్చోకుండా రెండు రోజుల్లోపు డాక్టరుకి చూపించండి. ఫ్లూ వైరస్‌ని అణిచే ఓసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

పదేళ్ల షుగరున్నవాళ్లకి గుండెపోటు నొప్పితోనే రావాలని లేదు. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే హాయి, చల్లటి చెమట, ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, ఎన్ని తేన్పులు తేన్చినా పోని "గ్యాస్". వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేసి ఈసీజీ, స్టెంటు వసతి ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. కరోనా రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ ఇంట్లో ఉండే ఉంటుంది. బ్యాటరీలు మార్చి దగ్గర పెట్టుకోండి. అందులో 94కన్నా తగ్గినా ఆగకండి.

నాన్నగారికి న్యుమోనియా టీకా కూడా అవసరం, అదే రోజు రెండో భుజానికి వేయించుకోవచ్చు. దాని గురించి డాక్టరుగారిని అడగండి.

మీ ఉత్తరంలో అమ్మగారి ప్రస్తావన లేదు. ఇంట్లో ఉంటే, ఆవిడకీ అదే రోజు ఫ్లూ టీకా వేయించండి. పక్కనే కూర్చుని మందులందించేది, రాత్రి దగ్గుకి లేచేది ఆవిడే. బడికెళ్లే పిల్లలుంటే వాళ్లకీ వేయించండి, ఇంట్లోకి ఫ్లూని మోసుకొచ్చేది ఎక్కువగా వాళ్లే. మాస్టారికి మాత్రం ముందు టీకా మాట ఎత్తకండి. ఆ 364, 20, 344 అంకెలు కాగితం మీద రాసి ఇచ్చి, ఆయన్నే లెక్క వెయ్యమనండి. ఎక్కడైనా తప్పనిపిస్తే నాకు రాయమనండి, జవాబిస్తాను.